దుప్పి రాని తొట్టి

సుధీంద్ర పాఠం చెప్పాడంటే క్లాసులో ఎవరికీ ఒక్క సందేహం కూడా మిగలదు. ఏడాది పొడుగునా తొమ్మిదో తరగతిలో ఒక్కరు కూడా చెయ్యెత్తి ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. అలాంటి సైన్సు మాస్టారు చుట్టుపక్కల నాలుగు మండలాల్లో ఇంకొకడు లేడు.

ఈ మాటలన్నది సుధీంద్రే. విన్నది అతని చిన్ననాటి సైన్సు మాస్టారు దస్తగిరి సార్. అంతా విని ఆయన "పాపం" అన్నాడు. ఎవరి గురించి అన్నాడో చెప్పలేదు.

దస్తగిరి సార్ హైస్కూల్లో మాస్టారే. కానీ ఎండాకాలం సెలవులిచ్చారంటే సుద్దముక్క పక్కన పడేసి, ఖాకీ చొక్కా తొడుక్కుని, నల్లమల అంచున ఉన్న ముత్యాలమడుగు అభయారణ్యంలో తేలతాడు. వేసవిలో అడవి పనికి మనుషులు చాలరు కాబట్టి ఫారెస్టువాళ్ళు ఆయన్ని వాచరుగా పెట్టుకుంటారు. మిగతా మాస్టార్లు ఊటీకో తిరుపతికో పోతే ఈయన జంతువులకు నీళ్ళు పెట్టడానికి పోతాడు. బడిపిల్లలు ఆయన్ని "రేంజర్ సార్" అంటారు. చేసేది వాచరు పనే అయినా ఆ పిలుపును ఆయన ఎన్నడూ సరిదిద్దలేదు. గురువులకూ చిన్నచిన్న సరదాలుంటాయి మరి.

సుధీంద్ర ఉద్యోగంలో చేరి ఏడాదే అయింది. ఆ మాత్రం గొప్పలు ఫోన్లో కూడా చెప్పుకోవచ్చు. అయినా బస్సెక్కి, బస్సు దిగి, ఎండలో నడిచి గురువుగారి వాచరు గుడిసె దాకా వచ్చాడంటే దానికి కారణం అంకమ్మ.

అంకమ్మ అతని క్లాసులో చురుకైన పిల్ల. ప్రయోగం చేద్దామంటే అందరికంటే ముందు బల్ల దగ్గరుండేది. ఆఖరి పరీక్ష రాసిన రోజు ఆ పిల్ల గుమ్మం దగ్గర ఆగి అడిగింది.

"సార్, వచ్చే ఏడు పదో క్లాసుకి కూడా సైన్సు మీరేనా?"

సుధీంద్ర ఛాతీ పొంగింది. "నేనేనమ్మా! దిగులుపడకు, ఎక్కడికీ పోను."

"అయితే నేను బడికి రాను సార్. మా అమ్మతో పనికి పోతా."

ఎంతో మర్యాదగా చెప్పింది. దణ్ణం కూడా పెట్టి పోయింది. ఆ దణ్ణమే సుధీంద్రకు గొంతులో ముల్లులా దిగబడింది. తిట్టి పోయినా ఇంతకంటే బాగుండేది.

"ఏం చేశావురా ఆ పిల్లని?" అన్నాడు దస్తగిరి సార్, టీ గ్లాసు అందిస్తూ.

"ఏం చెయ్యలేదు సార్! కొట్టలేదు, తిట్టలేదు. నా క్లాసులో ఎప్పుడూ నవ్వులే. లెక్కల సార్ వచ్చి కాస్త గోల తగ్గించమని బతిమాలేవాడు."

"మరి ప్రశ్నలు?"

"మొదట్లో ఆ పిల్లే ఏదో అడిగింది. మంచి జోకేశాను సార్. క్లాసంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత ఇంకెవరూ అడగలేదు."

దస్తగిరి సార్ తాగబోతున్న టీ ఆపాడు.

"ఏం జోకు?"

"అది... ఇప్పుడు గుర్తులేదు సార్."

"ప్రశ్నో?"

"అదీ గుర్తులేదు."

"ఊఁ" అన్నాడాయన. గుడిసెలోకి పోయి ఇంకో ఖాకీ చొక్కా తెచ్చి శిష్యుడి ఒళ్ళో పడేశాడు.

"బడి తెరిచేలోగా ఆ పిల్ల మనసు మారకపోతే ఎట్లా సార్? చదువు మానేస్తుంది. అదీ నా పేరు చెప్పి."

"ముందు చొక్కా తొడుక్కో. కొన్నాళ్ళు ఉండు. వంట నేనే. చారు బాగుండదు, ముందే చెబుతున్నా."

చొక్కా సుధీంద్రలాంటి వాళ్ళు ఇద్దరికి సరిపోయేలా ఉంది. మెడలో విజిల్ ఒకటి వేలాడదీసుకుని గేటు దగ్గర నిలబడితే, అడవి చూడ్డానికొచ్చిన ఒక పెద్దాయన తిన్నగా అతని దగ్గరకే వచ్చాడు.

"కండక్టరు గారూ, మార్కాపురం బస్సు ఎన్నింటికి?"

ఆ రాత్రి అన్నం తింటూ దస్తగిరి సార్ ఉన్నట్టుండి "మార్కాపురం" అనేవాడు, నవ్వు ఆపుకోలేక నీళ్ళు తాగేవాడు. చారు గురించి ఆయన ముందే చెప్పింది నిజమే.

మర్నాడు శిష్యుడికి ఒక పని అప్పజెప్పాడు. అడవిలో వాగులు ఎండిపోతాయి కాబట్టి అక్కడక్కడా నేలమట్టానికి సిమెంటు తొట్లు కట్టి ట్యాంకరుతో నీళ్ళు నింపుతారు. వెడల్పాటి పళ్ళెంలా ఉంటాయవి. చుట్టూ సన్నటి మట్టి జల్లించి పరుస్తారు. దాన్ని చీపురుతో చదును చేసి వదిలేస్తే, నీళ్ళకొచ్చిన జంతువుల అడుగులు అందులో పడతాయి. ఏది వచ్చిందో, ఏది రాలేదో ఆ అడుగులే చెబుతాయి.

"అంటే హాజరు పట్టీ అన్నమాట" అన్నాడు సుధీంద్ర.

"నీ ఇష్టం, ఏదో ఒకటి అనుకో. గుట్ట కింద కొత్త తొట్టి నీది. వాగు పక్క పాతది నాది."

సుధీంద్ర పనిలోకి దిగాడు. తొట్టిని కొబ్బరిపీచుతో తళతళలాడేలా తోమాడు. నీళ్ళు అంచుదాకా నింపాడు. మట్టిని నల్లబల్ల తుడిచినంత నున్నగా చదును చేశాడు. ఇదంతా బాగానే ఉంది. ఆ పైన చేసిందే అడవిలో ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు. అట్టముక్క మీద "ఈ నీరు వన్యప్రాణులకు మాత్రమే" అని గుండ్రటి అక్షరాలతో రాసి కర్రకు కట్టి పాతాడు. ఒక్క కొమ్ము కూడా తప్పు పోలేదు. చదవాల్సిన వాళ్ళకు చదువు రాదన్న సంగతి మాత్రం ఆలోచించలేదు.

తర్వాత పొద పక్కన ఒక బండ చూసుకుని కూచున్నాడు. వచ్చేవాళ్ళను కళ్ళారా చూడాలి కదా.

సాయంత్రమవుతుండగా ఒక దుప్పి వచ్చింది. చుక్కల దుప్పి, ఆడది. అడుగు వేసి ఆగింది, చెవులు తిప్పింది, మళ్ళీ అడుగు వేసింది. తొట్టి దాకా రావడానికి దానికి ఎంతసేపు పట్టిందో! చివరికి ముందుకాళ్ళు కాస్త ఎడంగా పెట్టి, మెడ సాచి, తల కిందికి దించింది.

సుధీంద్ర గుండె ఉప్పొంగిపోయింది. ఆ ఉప్పొంగడం నోట్లోంచి బయటికొచ్చింది.

"ఆక్సిస్ ఆక్సిస్!"

అది దుప్పి శాస్త్రీయ నామం. దుప్పికి ఆ సంగతి తెలియదు. ఒక్క గెంతు గెంతి, తాగబోయిన నీళ్ళు తాగకుండానే గుట్ట మీదికి మాయమైంది.

అడవిలో ఈ వార్త ఎలా పాకిందో గాని, ఆ తర్వాత కొత్త తొట్టికి పగటిపూట ఎవరూ రాలేదు. సుధీంద్ర రోజూ పొద్దు పొడవకముందే వచ్చి బండ మీద కూచునేవాడు. చీకటి పడ్డాక లేచేవాడు. ఎక్కడైనా ఆకు కదిలితే చాలు, అక్కడ ఏముందో చూద్దామని మెడ నిక్కించేవాడు. రోజూ పొద్దున మట్టిలో కనపడేవి ముళ్ళపంది అడుగులే. ముళ్ళపందికి ఒంటినిండా ముళ్ళున్నాయి గనక ఎవరి లెక్కా లేదు.

పాత తొట్టి దగ్గర మాత్రం తిరనాళ్ళే. దుప్పులు, కణుజులు, నెమళ్ళు, కుందేళ్ళు, ఒక ఉడుము తోక ఈడ్చిన గీత. తొట్టి చూస్తే పాచి పట్టి ఉంది. నీళ్ళు సగమే.

"సార్, ఇది అన్యాయం" అన్నాడు సుధీంద్ర. "మీ తొట్టి వాగు పక్కనుంది. నాది గుట్ట కింద. మార్చుకుందాం."

"సరే" అన్నాడు దస్తగిరి సార్. అంత సులువుగా ఒప్పుకోవడం అనుమానించాల్సిన విషయం. సుధీంద్ర అనుమానించలేదు.

మార్చుకున్నారు. సుధీంద్ర పాత తొట్టి పాచి గోకాడు, నీళ్ళు నింపాడు, బోర్డు పీకి తెచ్చి ఇక్కడ పాతాడు, ఇంకో బండ చూసుకుని కూచున్నాడు. వారం తిరక్కముందే తిరనాళ్ళు గుట్ట కిందికి మారిపోయాయి. వాగు పక్కన ముళ్ళపంది మిగిలింది. అదే ముళ్ళపందని సుధీంద్ర అనుమానం. తన కోసమే వచ్చిందేమోనని కాస్త మురిసిపోయాడు కూడా.

ఆ మురిపెం ఎంతోసేపు నిలవలేదు. ఆ మధ్యాహ్నం ఎండలో గురువుగారు వచ్చేసరికి అతను బండ మీద గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూచున్నాడు.

"నీళ్ళు నిండా పెట్టాను. అవేమో దాహంతో గుట్టలెక్కి తిరుగుతున్నాయి గాని ఇక్కడికి మాత్రం రావు. ఏం తక్కువ చేశాను సార్?"

దస్తగిరి సార్ అతని పక్కనున్న నీళ్ళ సీసా తీసి ఊపాడు. ఖాళీ.

"దాహంగా ఉందా?"

"నాలుక పిడచకట్టుకుపోయింది సార్."

"తాగు మరి. బోరు నీళ్ళే కదా, నువ్వే తోమిన తొట్టే కదా."

సుధీంద్ర తొట్టి దగ్గర మోకాళ్ళ మీద కూచుని దోసిలి పట్టాడు.

"ఆఁ ఆఁ, చేతులు వెనక్కి! దుప్పికి దోసిలుంటుందా?"

"సార్..."

"వెనక్కి పెట్టుకో."

ఎమ్మెస్సీ, బీఈడీ చేసిన మనిషి మోకాళ్ళ మీద నిలబడి, చేతులు నడుము వెనక కట్టుకుని, మెడ సాచి, మూతి నీళ్ళ దాకా దించాడు. పెదవులు తడిశాయో లేదో, వెనక పుల్ల చిటుక్కుమంది. తల ఎత్తాడు.

"ఏంటి సార్ అది?"

"ఏం లేదు. తాగు."

మళ్ళీ వంగాడు. నీళ్ళలో తన మొహం తప్ప ఇంకేమీ కనపడటం లేదు. వెనక ఎండుటాకులు చప్పుడు చేశాయి. ఆగిపోయాయి. చప్పుడు కంటే అది ఆగిపోవడమే ఎక్కువ భయపెట్టింది. మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మళ్ళీ తల ఎత్తి చూశాడు. గురువుగారు ఇందాకటి బండ మీదే కూచుని, అచ్చం అతను కూచున్నట్టే మెడ నిక్కించి, కళ్ళార్పకుండా చూస్తున్నాడు.

"సార్, మీరలా చూస్తుంటే గొంతు దిగడం లేదు."

"నేనేం చేశానురా? ఊరికే కూచున్నా. తాగు."

ఈసారి గట్టిగా కళ్ళు మూసుకుని మూతి ముంచాడు. ఒక్క గుక్క లోపలికి పోతోంది...

"హోమో సేపియన్స్!"

అడవి దద్దరిల్లేలా అరిచాడు దస్తగిరి సార్.

నీళ్ళు సుధీంద్ర ముక్కులోకి పోయాయి, ముక్కు వెంట మనిషి కూడా తొట్టిలోకి పోయాడు. దగ్గుతూ, తుమ్ముతూ, ఖాకీ చొక్కా గొడుగులా ఉబ్బి నీళ్ళలో తేలుతుండగా లేచి నిలబడ్డాడు. బండ మీద గురువుగారు కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. ఆయనకు నవ్వు వచ్చిందంటే భుజాలు, చెవులు, గడ్డం అన్నీ కలిసి నవ్వుతాయి.

"నవ్వొద్దు సార్" అన్నాడు సుధీంద్ర.

ఆ గొంతులో ఏదో ఉంది. దస్తగిరి సార్ నవ్వు ఠక్కున ఆగిపోయింది. లేచి వచ్చి, తన భుజం మీది తువ్వాలు తీసి, చిన్నపిల్లాడికి తుడిచినట్టు శిష్యుడి తల తుడవడం మొదలుపెట్టాడు. చెవుల వెనక కూడా తుడిచాడు.

"దాహం లేక కాదురా అవి రానిది" అన్నాడు మెల్లగా. "తాగాలంటే తల వంచాలి. తల వంచినవాడికి వెనక ఎవరున్నదీ కనపడదు."

తువ్వాలు కింద సుధీంద్ర మొహం ఎలా ఉందో తెలియదు. ఆ లోపల్నించే అన్నాడు.

"బోర్డు పీకేస్తాను సార్."

"పీకెయ్యి. అక్షరాలు మాత్రం బాగున్నాయి."

ఆ సాయంత్రం ఇద్దరూ మట్టి చదును చేసి, బండ మీద ఎవరూ కూచోకుండా గుడిసెకు వచ్చేశారు. దారిలో సుధీంద్ర ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. అతనికి అది చాలా కష్టమైన పని.

అన్నాల దగ్గర ఉన్నట్టుండి అన్నాడు.

"సార్, ఆ జోకు గుర్తొచ్చింది."

"చెప్పు."

"ఎండాకాలం నీళ్ళు దొరకవు, ఆకుల్లోంచి నీరు ఆవిరైపోతుంది, అందుకని చాలా చెట్లు ఆకు రాలుస్తాయని పాఠం చెప్పాను. ఆ పిల్ల లేచి, 'మరి తునికి చెట్టు మండుటెండల్లోనే లేతాకు వేస్తుందేం సార్?' అంది. వాళ్ళమ్మ బీడీలకని తునికాకు కోస్తుంది. ఏటా చూస్తుంది కదా."

"ఊఁ."

"'అది కూడా నీలాగే పాఠం వినలేదేమో' అన్నాను."

దస్తగిరి సార్ నవ్వలేదు. కంచంలో చారు కలుపుకున్నాడు.

"వారం రోజులు ఆ పిల్లని అందరూ 'తునికి చెట్టూ' అని పిలిచారు. అప్పుడు నేనూ నవ్వాను."

"జోకు బాగుంది" అన్నాడాయన.

"బాగుంది సార్. అదే బాధ."

"ప్రశ్న ఇంకా బాగుంది. ఇంతకీ జవాబేం చెప్పావు?"

సుధీంద్ర చారు ఇంకాస్త పోయించుకున్నాడు. ఆ చారు ఎవరైనా రెండోసారి పోయించుకోవడం దస్తగిరి సార్ చూడటం అదే మొదలు. ఇంకేమీ అడగలేదు.

పొద్దున్నే ఆయన టీవీఎస్ బండి బయటికి తీశాడు. "ఎక్కు. గేటు అవతల తునికాకు కల్లం నడుస్తోంది. కోతలకని ఏటా అంకమ్మ వాళ్ళ ఊరంతా అక్కడికే వస్తుంది."

"తొట్టి దగ్గర అడుగులు చూసి పోదాం సార్?"

"అవి ఎక్కడికీ పోవు. ఎక్కు."

కల్లం అంటే చదును చేసిన మైదానం. కోసుకొచ్చిన ఆకును చిన్నచిన్న కట్టలు కట్టి అక్కడ వరసగా ఎండబెడతారు. ఒక తుమ్మచెట్టు నీడన అంకమ్మ, వాళ్ళమ్మ కూచుని కట్టలు కడుతున్నారు. ఖాకీ చొక్కా కనపడగానే తల్లి గబగబా లేచింది.

"లోపల కొయ్యలేదు సారూ! గేటు ఇవతలే కోశాం, కావాలంటే ఎవర్నైనా అడుగు!"

"అమ్మా, ఫారెస్టాయన కాదు" అంది అంకమ్మ తల ఎత్తకుండా. "మా సైన్సు సారు."

తల్లి భయం తగ్గలేదు, రకం మారింది. "ఏం తప్పు చేసింది సార్?"

"ఏం తప్పు చెయ్యలేదమ్మా" అన్నాడు సుధీంద్ర. గురువుగారి కోసం వెనక్కి చూశాడు. దస్తగిరి సార్ దూరంగా బండి దగ్గరే ఉండిపోయి, టైరులో గాలి చూస్తున్నాడు. గాలి నిండుగానే ఉంది.

సుధీంద్ర నేల మీద చతికిలపడ్డాడు. ఊరికే ఉండలేక నాలుగు ఆకులు తీసుకుని కట్ట కట్టబోయాడు. కట్ట విచ్చుకుని ఆకులు ఒళ్ళోంచి జారిపోయాయి. అంకమ్మ మాట్లాడకుండా అవి ఏరుకుని, కాడలన్నీ ఒకవైపు పెట్టి కట్టేసి పక్కన పెట్టింది. ఆకులు లేతగా, రాగి రంగు ఇంకా పోకుండా మెరుస్తున్నాయి.

ఇక్కడ ఒక మంచి జోకు వెయ్యొచ్చు. సుధీంద్రకు ఒకటి కాదు, రెండు తోచాయి. రెండూ మింగేశాడు.

"అంకమ్మా, అప్పుడు నువ్వొక ప్రశ్న అడిగావు. తునికి చెట్టు గురించి."

ఆ పిల్ల చేతులు ఆగాయి.

"నేను నిన్ను నవ్వులపాలు చేశాను. ఎందుకంటే..." అటు చూశాడు, ఇటు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఎందుకంటే నాకు జవాబు తెలీదు. తెలీదని చెప్పలేక జోకేశాను."

తల్లి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. అంకమ్మ ఒక ఆకు తీసుకుని వేళ్ళ మధ్య తిప్పింది. ఈనెలు చూసింది. అవతలివైపు తిప్పి చూసింది. తల ఎత్తి, మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

"మరి ఇప్పుడు తెలుసుకున్నారా సార్?"

సుధీంద్ర నోరు తెరిచాడు. నాలుక చివర శాస్త్రం మాటలు చాలానే వచ్చి నిలబడ్డాయి. అన్నీ పెద్ద పెద్దవి.

"లేదమ్మా" అన్నాడు. "ఇప్పటికీ తెలీదు."